అతికిన పోగు

"ఆడిది ఇంటిపట్టున ఉంటే దొంగలెట్ల వస్తరు?" అన్నాడు మా ఆయన సదానందం, వాడకట్టంతా వింటుండగా. నేను బీడీలు అప్పజెప్పి కార్ఖానా నుంచి వచ్చేసరికి బీరువాలో రెండు తులాల గొలుసు లేదు. మూడు నెలలుగా పని లేక ఇంట్లో మరమగ్గం ఆగిపోతే, పొయ్యి వెలిగింది నా ఈ తిరుగుళ్ళ వల్లే. పదిహేనేళ్ళుగా ఆ మగ్గానికి నూలు కండెలు చుట్టింది నేనే. అయినా లోకం లెక్కలో నేసేది ఆయన, ఊరికే కూర్చునేది నేను.

"పొద్దుగూకక ముందే ఆడోళ్ళు ఇండ్లల్లకు రావాలె" అంది పక్కింటి శంకరవ్వ. దొంగతనం జరిగింది మిట్టమధ్యాహ్నం. సాయంత్రానికి పోలీసులు వెనకింట్లో అద్దెకుండే రాకేశ్‌ను తీసుకుపోయారు. బీహార్ నుంచి టైల్స్ పనికి వచ్చినవాడు, అతని మీద ఉన్న సాక్ష్యం అదొక్కటే. అతని భార్య గడపలోనే కూర్చుండిపోయింది. అన్నం పెడితే ముట్టలేదు.

మర్నాడు మగ్గం దులుపుతుంటే నా చేయి ఆగింది. పని ఆగిననాడు తెగిన రెండు పోగులు నిన్న పొద్దున కూడా వేలాడుతున్నాయి. ఇప్పుడు ముడేసి అతికి ఉన్నాయి, ముడి కొసలు పంటితో కొరికినట్టు నలిగి ఉన్నాయి. తెగిన పోగు కనబడితే నేతగాడి చేయి ఊరుకోదు. అట్లా పంటితో కొరికే అలవాటు మాత్రం నా మొగుడిదే, ఎన్నిసార్లు తిట్టానో. తానేమో నిన్న పొద్దంతా పని వెతుక్కుంటూ వేములవాడలో ఉన్నానన్నాడు. పని దొరకలేదంటూనే, వస్తూ బియ్యం బస్తా తెచ్చాడు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను, పట్టి ఏం చేయాలో తెలియలేదు.

"గొలుసు నువ్వే తీసినవా?"

బియ్యం బస్తా మీద చేయి వేశాడు. "బియ్యానికి గూడ పెండ్లాన్ని అడుక్కోవాల్నా జమునా?"

నాకు ఏడుపొచ్చింది. అడిగితే నేనే తీసిచ్చేదాన్ని. పని పోయినా తట్టుకున్నాడు కానీ, నా ముందు చేయి చాపడం తట్టుకోలేకపోయాడు. దొంగతనం కన్నా అది చిన్నతనమనిపించింది ఆయనకు.

"మరి రాకేశ్?"

"రెండు దెబ్బలేసి ఇడుస్తరు తియ్. బయటోడు, యాడికన్న పోతడు. మన ఇజ్జత్ పోతే మల్ల రాదు. నువ్వు జర కార్ఖానకు పోవుడు బందు చెయ్, ఎవలేం అనరు."

చెప్పులేసుకున్నాను. రాకేశ్ భార్యను లేపి వెంట తీసుకెళ్ళాను. స్టేషన్లో బల్ల పక్కన నేల మీద కూర్చున్న రాకేశ్ పెదవి చిట్లి ఉంది.

ఎస్సై విసుక్కున్నాడు. "నువ్వెందుకొచ్చినవమ్మా? మీ ఆయన్ను పంపియ్యి."

"ఆయన రాడు సార్, మీరే పోయి తోల్కరాండ్రి" అన్నాను. "నా గొలుసు తీసింది ఆయననే."