సగం ట్యాంకు

సెల్ఫ్ తిరిగి తిరిగి నీరసపడి ఆగిపోయింది. మొగిలి లారీ వెనక పొగగొట్టం ముందు గొంతుక్కూర్చుని చూస్తున్నాడు. తెల్లపొగ లేదు, నల్లపొగ లేదు. గొట్టం నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, తీసి వాసన చూసి, ప్యాంటుకు తుడుచుకున్నాడు.

“ఇంకోపారి కొట్టాల్నా అన్నా?” క్యాబిన్‌లోంచి తల బయటపెట్టి బాలరాజు అడిగాడు.

“కొట్టు. బ్యాటరీ సచ్చేదాక కొట్టు. మల్లొకటి కొత్తది ఏసుకుందువు.”

బాలరాజు తాళంచెవి తిప్పబోయి, అది తిట్టని అర్థమై చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

లారీ పాతది. బాలరాజుదే, నడిపేదీ అతనే. దసరాకు ముందు నుంచే పొద్దునపూట మొండికేస్తోంది. అతని ఊరు పెగడపల్లిలో హమాలీలు తోస్తే ఒకనాడు, ట్రాక్టరు కట్టి లాగితే ఒకనాడు కదులుతోంది. ఒక మెకానిక్ బ్యాటరీ మార్పించాడు. ఇంకొకడు సెల్ఫ్ విప్పి కొత్త సామాను వేశాడు. మరొకడు ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లన్నీ ఊడదీసి కడిగించాడు. ఇవాళ కూడా ట్రాక్టరుతో లాగించుకుని, కోరుట్ల దాకా నడుపుకుంటూ వచ్చి మొగిలి షెడ్డు ముందు ఇంజను ఆపాడు. టీ తాగి వచ్చేసరికి మళ్లీ మొండికేసింది.

“పొగ రాలేదంటె లోపల్కి డీజిల్ పోతలేనట్టు. డీజిలే పోకుంటె కొత్త బ్యాటరీ ఏం జేస్తది, కొత్త సెల్ఫ్ ఏం జేస్తది? ఎద్దుకు గడ్డి ఎయ్యకుంట మెడకు కొత్త గంటలు కట్టినట్టున్నది మీ యవ్వారం.”

“ఇయ్యాల ఎట్లన్న జెయ్యాలన్నా. నేను ఎత్తాల్సిన మక్కలన్ని రోడ్డు మీదనే ఆరబోసి ఉన్నయి. మొగులైతున్నది.”

పడమట నిజంగానే మబ్బు కమ్ముతోంది. మొగిలి అటు చూడలేదు. చూస్తే వాన గురించి కాక బస్సు గురించి ఆలోచించాల్సి వస్తుంది.

అసలు ఇవాళ అతను షెడ్డు తెరవాల్సింది కాదు. సాయంత్రం బస్సెక్కి శంషాబాద్ చేరాలి. తెల్లవారుజామున మస్కట్ విమానం. పనిముట్లు సర్ది, తాళం వేసి పోదామని వచ్చినవాడికి బాలరాజు లారీ ఎదురైంది. తను వెళ్లిపోతున్న సంగతి అతనికి చెప్పడానికి మొగిలికి నోరు రాలేదు. రెండేళ్ల కింద ఇదే షెడ్డులో, లారీ అమ్మేసి దుబాయి పోతానని బాలరాజు అన్నప్పుడు అడ్డం పడ్డది మొగిలే. “సొంత బండి అమ్ముకొని అక్కడ మంది బండి నడుపుతవా? ఎడారిల ఏం పెట్టిండ్రని పోతవురా? బండికి ఏమన్నయితె నేను లేనా?” అని అందరి ముందూ కేకలేశాడు. బాలరాజు వీసా వదులుకున్నాడు. లారీ ఉంచుకున్నాడు.

జేబులో ఫోను మోగింది. మస్కట్ నుంచి బామ్మర్ది గోవర్ధన్.

“బావా, బయల్దేరినవా?”

“పొద్దుగాలనే యాడికి బయల్దేరుతరా? బస్సు పొద్దుమీకి ఉన్నది.”

“పాసుపోర్టు పైన పెట్టుకో, సంచి అడుగున పెట్టకు. మల్ల గిట్ల…”

“పెట్టుకుంట తియ్యి,” అని ఫోను కట్టేశాడు. నిన్నటి నుంచి ఇదే మాట.

ఫిల్టరు మీద గాలి తీసే స్క్రూ వదులు చేసి, డీజిల్ లాగే చిన్న చేతిపంపు కొట్టసాగాడు. డీజిల్ కాదు, నురుగు వచ్చింది. సబ్బునీళ్లలా బుసబుసమంటూ చాలాసేపు కారింది. నురుగు పోయి నిండు ధార వచ్చాక స్క్రూ బిగించి “ఊ” అన్నాడు. బాలరాజు తాళంచెవి తిప్పాడు. ఇంజను అందుకుంది. రేకులు అదిరాయి. బాలరాజు ముఖం వెలిగిపోయింది.

“అయిపాయె గదన్నా. నేను పోత మరి.”

“బంద్ జెయ్యి.”

“అదేందే?”

“బంద్ జెయ్యిమన్న గద. గిప్పుడు నడుస్తది, రేపు పొద్దుగాల మల్ల ట్రాక్టరే. గాలి యాడికెల్లి సొస్తున్నదో సూడకుంట ఎట్ల పోతవ్?”

ఇంజను ఆపించి, గాలి మళ్లీ చేరేదాకా ఆగడం తప్ప చేయగలిగింది లేదు. మొగిలి పాత టైరు మీద కూర్చున్నాడు. ఒంట్లో ఎముక గట్టిదే గానీ మోకాళ్లు పోయాయి. ముప్పై ఏళ్లు నేల మీద పడుకుని పైకి చూసిన మెడ కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది. తండ్రి కల్లు గీయడానికి తాటిచెట్లెక్కేవాడు. మోకు తెగి పడిపోయిన ఏడే తల్లి మొగిలిని నిజామాబాదులో ఒక లారీ షెడ్డులో చేర్చింది. నేల మీద చేసే పని కదా, పడేది ఉండదని ఆమె లెక్క. వాడకట్టులో ఇంటికొకరు, ఇద్దరు గల్ఫు పోయారు. కొందరు మేడలు కట్టారు. కొందరు పెట్టెల్లో వచ్చారు. మొగిలి పోలేదు. పోలేదన్నదే అతనికున్న గర్వం. కానీ పాత లారీలు ఒక్కొక్కటే తుక్కుకు పోయాయి. కొత్తవాటికి కంప్యూటరు పెట్టి చూస్తారు. షెడ్డు ఉన్న జాగా యజమాని అమ్ముకున్నాడు, వర్షాకాలం లోపు ఖాళీ చేయమన్నాడు. మస్కట్ అవతల ఎక్కడో క్యాంపులో పాత డీజిల్ జనరేటర్లు ఉన్నాయనీ, వాటిని చూసుకునే మనిషి కావాలనీ గోవర్ధన్ చెప్పినప్పుడు మొగిలి మొదట ఫోను కట్టేశాడు. తర్వాత తనే చేశాడు.

వీసా పనికి వేలిముద్రలు పెట్టమంటే యంత్రం అతని వేళ్లను పట్టలేదు. గీతలన్నీ అరిగిపోయి, మిగిలిన వాటిలో నలుపు దిగి ఉంది. నిమ్మచెక్కలతో రుద్దుకుని రమ్మని అక్కడివాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. “గీ చేతులు సూసే పని ఇస్తున్నరు, గీ చేతులే ఒద్దంటున్నరు,” అని ఇంటికొచ్చి భార్య సమ్మవ్వ మీద అరిచాడు. ఆమె నిమ్మకాయ కోసి ఇచ్చింది.

“కొట్టు,” అన్నాడు లేచి.

బాలరాజు కొట్టాడు. సెల్ఫ్ తిరిగింది, ఇంజను అందుకోలేదు.

పైపుల బిగింపుల దగ్గర రాగి వాషర్లు మార్చాడు. రబ్బరు పైపు మెత్తబడిందని కొత్తది వేశాడు. గాలి తీశాడు, ఆపాడు, ఆగాడు. మళ్లీ అంతే. మధ్యాహ్నమైంది. మొగిలి కోపం లారీ మీది నుంచి బాలరాజు మీదికి, అక్కణ్ణుంచి వాషర్లు అమ్మిన దుకాణం మీదికి, చివరికి తన మీదికి వచ్చింది.

అప్పుడే సమ్మవ్వ వచ్చింది. ఒక చేతిలో సద్దిగిన్నె, మరో చేతిలో చక్రాల సంచి. సంచి పిడికి ఎర్రదారం కట్టి ఉంది. పోయేవాళ్లు తమ సంచి ఆనవాలు పట్టడానికి కడతారు. కోరుట్లలో ఆ దారం చూస్తే ఎవరూ ఇంకేమీ అడగనవసరం లేదు.

“ఇంటికస్తవని సూసి సూసి నేనే అచ్చిన. తానం లేదు, తిండి లేదు. బస్సుకు గిట్లనే పోతవా?”

బాలరాజు సంచి వంక చూశాడు. క్యాబిన్ దిగి వచ్చి దాని పక్కనే నిలబడ్డాడు.

“ఎవలు పోతున్నరు వదినె?”

సమ్మవ్వ భర్త వైపు చూసింది. “చెప్పలేదా?”

మొగిలి లారీ కిందికి దూరాడు. అక్కణ్ణుంచే, “మస్కట్. నేనే,” అన్నాడు.

బాలరాజు సంచి పిడికున్న ఎర్రదారాన్ని వేలితో ముట్టుకున్నాడు.

“నన్ను తిట్టి ఆపితివి గదన్నా,” అన్నాడు బాలరాజు. గొంతులో కోపం లేదు. లేకపోవడమే మొగిలికి భరించరాకుండా ఉంది.

“ఆపిన. ఆపిన గనుకనే గీ బండి కింద పన్న. లేకుంటె పొద్దుగాలనే తాళమేసి పోయేటోన్ని. నిలబడి ముచ్చట వెట్టకు, ఎదురుంగ ఇల్లు కడుతున్నరు సూడు, మేస్త్రిని అడిగి లెవలు పైపు వట్టుకరా.”

గోడల మట్టం చూడటానికి మేస్త్రీలు నీళ్లు నింపి వాడే పారదర్శకపు పైపు అది. బాలరాజు తెచ్చాడు. మొగిలి ట్యాంకు నుంచి పంపుకు వచ్చే దారిలో ఆ పైపు కలిపి, గాలి తీసి, ఇంజను నడిపించాడు. పైపులో డీజిల్‌తోపాటు బుడగలు వచ్చాయి. ఒకటి, ఆగి ఇంకొకటి, తర్వాత గొలుసులాగా.

“సూసినవా,” అన్నాడు. పొద్దుటినుంచి మొదటిసారి అతని గొంతు తగ్గింది.

పైపు కొసను ట్యాంకు నుంచి తప్పించి డీజిల్ డబ్బాలో ముంచాడు. బుడగలు ఆగిపోయాయి. పైపులో డీజిల్ నిలువ నీరులా నిశ్చలంగా కనబడింది. మళ్లీ ట్యాంకుకు కలిపితే మళ్లీ బుడగలు.

“ట్యాంకు ఫుల్ ఎప్పుడు కొట్టించినవ్?”

బాలరాజు ఆలోచించాడు. “దసరప్పుడు. నాగపూర్ కిరాయి తలిగింది. గప్పుడే.”

“గప్పుడు పొద్దుగాల స్టార్ట్ అయిందా, కాలేదా?”

“అయింది. ఒక్క కొట్టుకే.” అంటూనే ట్యాంకు వైపు తిరిగాడు.

పానాతో ట్యాంకు మీది మూత విప్పి, డీజిల్ లాగే లోపలి పైపు పైకి తీశాడు మొగిలి. నడిమధ్య వెంట్రుకంత చీలిక ఉంది. ట్యాంకు నిండా ఉంటే చీలిక డీజిల్‌లో మునిగి ఉంటుంది. సగానికి దిగితే బయటపడి గాలి పీలుస్తుంది. దసరా తర్వాత ఈ ట్యాంకు సగం దాటి నిండలేదు. అంతకుమించి పోయించే శక్తి బాలరాజుకు లేదు.

“గింత చిన్న నెర్రెనా?” అన్నాడు బాలరాజు.

పక్క వెల్డింగు షాపులో ఇత్తడి అతుకు వేయించి, పైపు బిగించేసరికి పొద్దు వాలింది. సమ్మవ్వ గిన్నె విప్పి పట్టుకుంటే మొగిలి నిలబడే నాలుగు ముద్దలు మింగాడు. ముఖం కడుక్కుని, సంచిలోంచి ఉతికిన చొక్కా తీసి వేసుకున్నాడు. సబ్బెంత రుద్దినా చేతులు చేతుల్లానే ఉన్నాయి. షెడ్డుకు తాళం వేసి చెవి సమ్మవ్వ చేతిలో పెట్టాడు.

“బస్టాండు కాడ నేనే దింపుతా,” అన్నాడు బాలరాజు.

ముగ్గురూ క్యాబిన్‌లో కూర్చున్నారు. బస్టాండు ముందు లారీ ఆపగానే మొగిలి, “బంద్ జెయ్యి,” అన్నాడు. బాలరాజు ఇంజను ఆపాడు. శంషాబాద్ బస్సు ఇంకా రాలేదు. సంచులు ముందు పెట్టుకుని పడుచు కుర్రాళ్లు వరసగా నిలబడ్డారు. మొగిలి దిగి వాళ్ల చివర నిలబడ్డాడు. వాళ్లలో ఎవరి తండ్రిలాగో ఉన్నాడు.

“మెల్లగ పో. మొకాళ్ల నూనె పక్క జేబుల ఉన్నది,” అంది సమ్మవ్వ.

“ఊ.”

“అన్నం వడకపోతె గోవర్ధన్‌కు చెప్పు. ఊకె కోపానికి రాకు, అక్కడ ఎవలు వడుతరు?”

“వడనియ్యి, వడకపోనియ్యి,” అన్నాడు చికాకుగా. ఆమె చికాకు పడలేదు. అతని కాలరు సరిచేసింది.

బస్సు వచ్చింది. మొగిలి మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి, లారీ వైపు చూపుడువేలు తిప్పి చూపించాడు. బాలరాజు తాళంచెవి తిప్పాడు. సగం ట్యాంకు మీద ఒక్క కొట్టుకే ఇంజను అందుకుంది. మొగిలి తల ఊపి లోపలికి వెళ్లాడు. ఏ కిటికీలో కూర్చున్నాడో వాళ్లకు కనిపించలేదు.

సమ్మవ్వను ఇంటి దగ్గర దించి బాలరాజు పెగడపల్లి చేరేసరికి గాలి లేచింది. రైతులు మక్కజొన్న అప్పటికే సంచుల్లోకి ఎత్తి ఉంచారు. హమాలీలు మోస్తుంటే అతనూ భుజం పట్టాడు. ఆఖరి సంచి ఎక్కాక చినుకు మొదలైంది. లారీ మీద తాటిపత్రి పట్టా కప్పి, తాడు కొస కట్టడానికి ట్యాంకు పక్కన వంగాడు.

అక్కడ, ట్యాంకుకూ ఛాసిస్‌కూ నడుమ ఇనుప అంచు మీద, అన్ని గుంతలు దాటి వచ్చినా పడిపోకుండా, పట్టుకునే చోట అరిగి నున్నగా మెరుస్తూ, డీజిల్ తడి ఇంకా ఆరని మొగిలి పానా ఒకటి ఉంది.