పైగదికి పంపిన గోలు

ఈ ప్రపంచ మహిళల హాకీ పోటీల్లో అంపైర్లందరిలోకీ పెద్దది గనుక ఆమెను అందరూ పెద్దక్క అనేవారు. మళ్లీ పోటీలు వచ్చేసరికి ఆమెకు వయసు దాటిపోతుంది. ఇన్నేళ్లలో ఫైనల్ ఒక్కటే చేతికి రాలేదు. ఈ సాయంత్రం సెమీఫైనల్ చక్కగా నడిపితే ఖాయమని అంతా అన్నారు.

డ్రెస్సింగ్ గదిలో ఆమె మోకాళ్లకు పట్టీలు చుట్టుకుంటోంది. మైదానంలో అవతలి సగం చూసే చిన్న అంపైరు పక్కన చేరింది.

"మీ రోజుల్లో ఎలా ఉండేదక్కా?"

"ఏముంది, గుంటల గడ్డి మైదానం. మగాళ్ల ఆట అయ్యాక ఏదైనా మిగిలితే మనకి. మా ముందువాళ్లకైతే పొడుగు గౌన్లు, పైగా కప్పు కూడా లేదట. ఆడేసి, టీ తాగేసి, ఎవరి దారిన వాళ్లు."

"కప్పు లేకుండా దేనికాడినట్టు?"

"ఆడాలనిపించి. నువ్వు చెవిలో ఆ గొట్టం సరిగ్గా పెట్టుకో ముందు."

ఇప్పుడు గడ్డి లేదు. నీళ్లు చల్లిన నీలం కృత్రిమ పరుపు మీద బంతి కన్ను మూసి తెరిచేలోగా ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది. ఆమె కాళ్లు దాని వెంట పోలేక చాలాకాలమైంది.

ఆట సమంగా ఉండగా, చివర్లో గోలు ముందు పది మంది గుమిగూడారు. గోల్లో వెనక పలకకు బంతి తగిలి ఠప్పున మోగింది. పెద్దక్క ఈల ఊది గోలిచ్చింది.

"కాలికి తగిలిందమ్మా! దాని కాలికే తగిలింది, గోలు చెల్లదు!" అని గోలు పడినవాళ్లు చుట్టుముట్టారు. వీడియో అడిగే అవకాశం వాళ్లు ముందే వాడేసుకున్నారు. ఆమె ఊరుకుంటే ఆట అక్కడితో సరి. కానీ ఎవరిదో వీపు అడ్డొచ్చి, ఆమె బంతినే చూడలేదు. మనసొప్పలేదు. వీడియో చూడమన్న గుర్తుగా గాలిలో పెట్టె గీసి, సంగతి వీడియో అంపైరు కూర్చునే పైగదికి పంపింది.

కాసేపటికి చెవిలో గొంతు పలికింది: "కాలికి తగల్లేదు. నువ్విచ్చిందే ఒప్పు."

ఆట ముగిశాక అంపైర్ల మేనేజరమ్మ గదిలోకి వచ్చింది.

"ఒప్పే ఇచ్చావు కదా, మళ్లీ పైకెందుకు పంపావు?"

"నాకు కనబడలేదండీ."

"ఆ మాట నాతో అనకపోతే బాగుండేది."

"మీరేగా అడిగారు."

మేనేజరమ్మ నిట్టూర్చింది. "కనబడకుండానే గోలిచ్చావని తెలిశాక, నిన్ను ఫైనల్లో ఎలా దింపమంటావు? అది చిన్నదానికిస్తాను. రేపు నువ్వు పైగదిలో వీడియో చూడు."

ఆమె వెళ్లిపోయాక చిన్న అంపైరు మంచు సంచులు తెచ్చి పెద్దక్క మోకాళ్ల మీద ఆనించింది. తలెత్తలేదు.

"నామీద కోపమా అక్కా?"

"కోపం రావాలన్నా ఓపికుండాలి కదే."

"నేను వద్దని చెప్పేస్తాను."

"చాల్లే, నోటిదాకా వచ్చిన ముద్ద తోసేసుకుంటావా? దింపుతామంటే దిగు. కనబడనిది మాత్రం కనబడలేదని పైకి పంపు. నేనుంటాగా."

చిన్నది ముక్కు తుడుచుకుని తలూపింది. పెద్దక్క గోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. అలాగే అడిగింది.

"ఆ పైగదికి లిఫ్టు ఉందటే?"

"లేదక్కా. అన్నీ ఇనుప మెట్లే."

"హతవిధీ!" అంది పెద్దక్క కళ్లు తెరవకుండానే. "అయితే పొద్దున్నే మొదలుపెట్టాలి."