ఆటవెలదిలో ఇమడని పేరు

డెబ్బై నాలుగో సంవత్సరం వానకాలంలో సైదాబాద్‌లో ఆగమ్మ పోయింది. సమాధి రాయి మీద చెక్కించడానికి ఆమె మొగుడు ఇశ్రాయేలు నాలుగు పాదాల పద్యం కట్టి, బడిలో తెలుగు చెప్పే కోడలు కళావతి చేతికిచ్చాడు.

కళావతి గడపలో కూర్చుని, గురువులకూ లఘువులకూ గుర్తులు పెట్టుకుంటూ చదివింది. ఆటవెలది. మూడు పాదాలు చక్కగా కుదిరాయి. చివరి పాదం దగ్గర ఆగిపోయింది: "మన్ను కప్పుకొనెను మంచి ఆగమ్మ."

"మామా, ఈ పాదంల అన్నీ సూర్యగణాలే ఉండాలె. రెండు గురువులు పక్కపక్కన రావొద్దు. ఆగమ్మ అంటే వస్తున్నయ్. 'మంచి అమ్మ' అంటే సరిపోతది."

ఇశ్రాయేలు పెదవులు కదిలిస్తూ మళ్లీ పాడి చూసుకున్నాడు. కోడలు చెప్పింది నిజమే.

"అమ్మ మీకు, బిడ్డా. నాకు ఆగమ్మనే," అన్నాడు. "బతికినన్నాళ్లు 'ఏమే' అనే పిలిచిన. ఒక్కనాడన్న పేరు పెట్టి పిలవలే. గీ రాయి మీదనన్న పిలవనియ్యి."

కళావతి పద్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, బహదూర్‌పురాలో రాళ్లు చెక్కే మనిషికి ఇచ్చివచ్చింది.

రాయి నిలబెట్టిన రోజు ముసురు పట్టింది. ఇశ్రాయేలు తడిసిన అక్షరాల మీద చెయ్యి పెట్టి, "ఆగమ్మా" అని మెల్లగా పిలిచాడు. పిలిచి, ఆమె పలుకుతుందేమోనన్నట్టు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.