రెక్క ముందు గాలి

అక్షరాలు ఆలస్యంగా పట్టుబడ్డ చెయ్యి నాది, రాత నిదానం. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. ఇది మా కోడలి సంగతి.

ఆమె పొయ్యి మీద నీళ్లు మరిగిస్తోంది. గరిటె అడ్డం పెడితే ఆవిరి దాని పక్కల నుంచి మెల్లగా ఒరిగి పోతోంది. ఆమె ఉద్యోగమూ ఇలాంటి గాలితోనే. విమానం మబ్బులోకి దూరితే, రెక్క కిందున్న పరికరం నీటి చుక్కల్నీ మంచు పలుకుల్నీ లెక్కపెడుతుంది. కానీ విమానం చేరేలోపే దాని ముందున్న గాలి పక్కకి తొలగుతుంది. సన్న చుక్కలు గాలితోపాటే తప్పుకుంటాయి. పెద్ద పలుకులు తిన్నగా వచ్చి పరికరం కొనకి కొట్టుకుని పగులుతాయి. ఒక్కటి వంద ముక్కలైతే, ఆ వందా మబ్బులోవేనని రాసుకుంటుంది పరికరం. ఎవరూ వెళ్లనప్పుడు ఆ మబ్బు ఎలా ఉంటుందో! తెల్లగా, నింపాదిగా, తనలో తాను...

"ఏంటి, మళ్లీ మబ్బుల్లోకి వెళ్లిపోయావా?" మా అబ్బాయి ఆమె ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "మీ పెద్దసారు చేస్తే నేనెత్తాలే. పరికరాన్ని రెక్కకి బాగా ముందుకి జరిపి మళ్లీ కొలుస్తారట. నెల రోజులు ఊరెళ్లాలట. తనకి ఇల్లు వదలడం ఇష్టముండదండీ అని చెప్పేశా."

"నన్నడగలేదే?"

"అడగడానికేముంది? ఇన్నేళ్లుగా చూస్తున్నాగా. ఒక్కసారైనా నాకిది కావాలన్నావా?"

అనలేదు. వాడు గదిలోకి వస్తే చాలు, ఆమె కోరిక పగిలి పిల్ల టిఫిన్ డబ్బా, వాడి చొక్కా ఇస్త్రీ, నా మందులూ అయిపోయేది. ఆ ముక్కలన్నీ పోగుచేసుకుని ఇదే నా భార్య అనుకున్నాడు. అబద్ధమాడే మనిషి కాదు, తనకి కనిపించిందే చెప్పాడు. అందుకే ఆమెకి కోపం కూడా సరిగ్గా రాలేదు.

"అమ్మా, నువ్వైనా చెప్పవే!" అన్నాడు, పక్క గది గుమ్మంలో కూర్చున్న నాకేసి తిరిగి.

"నన్ను లాగకురా. తన నోరు తనకుంది."

ఆమె పొయ్యి ఆపి, చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. "మీరు కాసేపు అవతలికెళ్లండి."

"నేనుంటే ఏం?"

"మీరుంటే నేను నాలా ఉండను."

నవ్వబోయి ఆగిపోయాడు. ముందు గదిలోకి నడిచాడు. వంటింట్లో గాలి కుదురుకుంది. ఆమె కిటికీ వైపు తిరిగి ఫోన్ చేసింది.

"సార్, ఇందాక మీరు విన్నది మా ఆయన మాట. ఇది నాది. వస్తున్నాను."

— ఇంట్లో అందరికీ బామ్మ, అరవై తొమ్మిదేళ్లు, ఇప్పుడు కొడుకూ కోడలి దగ్గర, వంటింటి పక్క గదిలో.