రాణీబాగ్‌లో పిట్టకు పెట్టిన ముద్ద

బొంబాయి రాణీబాగ్ తోట గేటు దాటగానే సత్యవ్వ పెద్దమ్మ నా చెయ్యి గట్టిగా గిల్లింది.

"బిడ్డా, ఎనుకకు సూడకు. సక్కగ నడువు."

చూడొద్దంటే ఎవరైనా చూస్తారు కదా, చూశాను. నీలం చొక్కా, భుజం మీద తువ్వాల, మామూలు మనిషే.

"నా బస్సుల్నే అచ్చిండు. కోరుట్ల కాడ ఎక్కిండు," అంది పెదాలు కదపకుండా. "బొంబాయి దాంక కండక్టర్ వాన్ని టికెటు అడుగలే."

టికెటు అడగని మనిషంటే పోలీసు. సిరిసిల్ల దిక్కు చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతే అది, ఇక్కడి వర్లి మిల్లు కూలీల చాల్‌లో పుట్టి పెరిగిన నాకు మాత్రం కొంచెం ఆలస్యంగా అర్థమైంది. అర్థమయ్యాక మళ్లీ వెనక్కి చూస్తే ఒట్టు.

ఎందుకంటే మేం వచ్చింది తోట చూడ్డానికి కాదు, రాజమల్లు మామ కోసం. మామ పెద్దమ్మకూ మా అమ్మకూ ఒక్కడే తమ్ముడు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతూ సంఘంలో తిరిగేవాడు. తనతో తిరిగిన వాళ్లను కాల్చి ఎన్‌కౌంటర్ అన్నాక బొంబాయి పారిపోయి వచ్చి, వేరే పేరుతో ఈ తోటలో మాలీగా చేరాడు. ఎక్కడ పడుకుంటాడో కూడా మాకు తెలీదు. అమ్మమ్మకు బాగాలేదు, నీ కోసమే కలవరిస్తోంది అని ఊరివాళ్ల నోట కబురు అందితే, ఇవాళ సాయంత్రం బస్సుకు బయల్దేరుతున్నానని తిరుగు కబురు పంపాడు. ఆ కబురు ఊరు చేరేలోపే అమ్మమ్మ పోయింది! ఇంటి ఎదురుగా ఉన్న కార్ఖానాలో పోలీసులు కాపు కాసి కూర్చున్నారు, కొడుకు రాకపోతాడా అని.

అవ్వ లేదు, రాకు. తల్లి పోయిందన్న ఈ మాట తమ్ముడికి చెప్పడానికే పెద్దమ్మ అంత దూరం నుంచి వచ్చింది. ఇప్పుడు వెనకాలే వాడు.

చుట్టూ ఆకాశమంత తాటిజాతి చెట్లు, ఆకులు గొడుగుల్లా ఉన్నాయి, ప్రతి మానుకూ ఒక రేకు, దాని మీద నోరు తిరగని పేరు. మేం నిజంగా తోట చూడ్డానికే వచ్చినట్టు కనిపించాలని ఆ పేర్లన్నీ గట్టిగా చదివేస్తున్నాను.

"ఇది ఆఫ్రికా చెట్టట పెద్దమ్మా."

"గంత దూరంకెళ్లి అచ్చిందా? మనకన్న నయం, అచ్చిన కాడ నిలవడ్డది."

నవ్వబోయాను. అప్పుడే పెద్దమ్మ వేళ్లు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. నాగలింగం చెట్టు కింద, ఇనుప గుండ్లలా వేలాడే కాయల పక్కన, ఖాకీ నిక్కరు వేసుకున్న మాలీ ఒకడు పైపుతో నీళ్లు పడుతున్నాడు. అక్కను చూసి అతని మొహం వెలిగింది. ఒక అడుగు ముందుకు వేశాడు కూడా!

పెద్దమ్మ చటుక్కున అతనికి వీపు తిప్పి నేల మీద కూలబడింది. మధ్యాహ్నం తినమని అమ్మ కట్టిచ్చిన డబ్బా తెరిచింది. రాలిన ఆకొకటి తుడిచి దాని మీద అన్నం ముద్ద పెట్టింది, పక్కన చింతకాయ తొక్కు. ఇక్కడ తిండేమిటి అని నేను అడగబోతుంటే, నేరుగా ఆ నీలం చొక్కానే పిలిచింది.

"ఓ అన్నా! జర బీడీ ఉంటె ఇయ్యి."

వాడు తెల్లబోయాడు. తెలుగు రానట్టు ఉండిపోవాలని కూడా తోచలేదు. "బీడీనా? నీకా అవ్వా?"

"నాకెందుకే! పోయిన మా అవ్వకు. బీడీ లేంది ముద్ద ముట్టకపోవు."

వాడు జేబులోంచి బీడీ తీసి ఇచ్చాడు. ఆకు వంక చూశాడు, చెప్పులు విడిచి కాస్త వెనక్కి జరిగాడు. పిట్టకు పెట్టే చోట పోలీసైనా అంతే, వాడూ ఆ దిక్కువాడే కదా. పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టి కాకి ముట్టేదాకా ఎదురుచూస్తారు. ముట్టకపోతే వాళ్లకేదో కోరిక మిగిలిందని, దానికి పైకే మాటివ్వాలి.

చేతిలో వడాపావ్ ఉంటే తన్నుకుపోయే బొంబాయి కాకులు, కొమ్మ నిండా కూర్చుని ఒక్కటీ దిగదు!

"తినవేందే అవ్వా?" పెద్దమ్మ గొంతు పెంచింది. "కొడుకు మీదనా పాణం? వాడు రాడే. కొరివి నేనే పెట్టిన, దినాలు నేనే జేస్త. ఇంక వాడు అచ్చి ఏం జేస్తడు? యాడున్న బతికుంటె సాలని పోయేముంగట నువ్వే అంటివి. గదే మాట మీద ఉందాం. నువ్వు తిను."

నీలం చొక్కా తల ఎత్తి అటూ ఇటూ చూడసాగాడు. ఈ మాటలు ఎవరు వినాలనో అని వాడి అనుమానం. పైపు పట్టుకున్న మామ కొయ్యబొమ్మలా నిలబడిపోయాడు, నీళ్లు పాదు నిండి, దారి దాటి, మా ఆకు దాకా వచ్చేస్తున్నాయి. ఇంకాసేపు అలాగే ఉంటే ఎవడికైనా తెలిసిపోతుంది.

"ఏ మాలీ! అంధా హై క్యా? పానీ దేఖ్!" గుడ్డివాడివా, నీళ్లు చూసుకో అని నేను హిందీలో అరిచాను, తోట అదిరేలా.

మామ ఉలిక్కిపడ్డాడు. "మాఫ్ కరా బాయీ," అన్నాడు మరాఠీలో. వెంటనే పైపు మొహానికే పెట్టుకున్నాడు, ఎండకు తాళలేనట్టు. కళ్లలోంచి ఏం కారినా ఇక ఎవరికీ తెలీదు. నీలం చొక్కా అతన్నే చూస్తున్నాడు. చూస్తూనే ఉన్నాడు.

టపటపా రెక్కల చప్పుడు. ఒక కాకి దిగింది, ముద్దను ముక్కున కరుచుకుని ఎగిరింది. వాడు చప్పున అటు తిరిగి రెండు చేతులూ జోడించాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి పైపు నేల మీద ఉంది, మాలీ లేడు.

"తిన్నది," అంది పెద్దమ్మ లేస్తూ. వెనక్కి చూడకుండా గేటు వైపు నడిచింది. వాడు చెప్పులు తొడుక్కుని మా వెంటే వచ్చాడు, మాకు కావలసిందీ అదే.

సాయంత్రం, మామ ఎక్కుతానన్న సిరిసిల్ల బస్సు దగ్గర పెద్దమ్మను ఎక్కించాను. నీలం చొక్కా మెట్ల దగ్గర నిలబడి ఎక్కే ప్రతివాడి మొహం వెతుకుతున్నాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. మామ రాలేదు.

"లోపల కూసో అన్నా, బస్సు పోతాంది," అంది పెద్దమ్మ కిటికీలోంచి. "ఇంక ఎక్కేటోళ్లు ఎవ్వలు లేరు."