క్యూలో ఉన్నంతసేపు

మెదక్‌లో క్వాంటం కంప్యూటర్ ఉందని ఎవరన్నా చెబితే నమ్మకండి. ఉన్నదల్లా ఆ కంప్యూటర్ మీద ఒక కాలేజీకి దక్కిన పది నిమిషాలు, అదీ నెలకు. యంత్రం ఎక్కడో సముద్రాల అవతల, గడ్డకట్టే చలిలో మహారాజులా కూర్చుని ఉంటుంది. ఇక్కడ ఫిజిక్స్ ల్యాబ్‌లో ఫ్యాను కిర్రుమంటుంటే, రజని, తారిఖ్ అనే ఇద్దరు పీజీ పిల్లలు ఆ పది నిమిషాలను చిటికెడు చిటికెడు వాడుకుంటారు. పది నిమిషాలతో ఏమవుతుందని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఆ యంత్రం దగ్గర ఒక్క సెకనులో బోలెడు పని జరుగుతుంది, పై నిమిషాలు కొనాలంటే డాలర్లు పోయాలి.

ఆ నిమిషాలు సంపాదించడానికి ఫిజిక్స్ చెప్పే ఉమ్మె హాని మేడం ఏడాది పాటు కనపడ్డవాళ్ళందరికీ మెయిళ్ళు పెట్టింది. అందుకే పిల్లలకు ఒక పద్ధతి నేర్పింది. ముందు ల్యాప్‌టాప్ మీదే ఉత్తుత్తిగా నడిపి చూడాలి, ఎంత సమయం తింటుందో అంచనా చూడాలి, తనను అడగాలి, ఆ తర్వాతే అసలు యంత్రానికి పంపాలి. పంపిన పని వెంటనే నడవదు. లోకంలోని పనులన్నిటి వెనక క్యూలో నిలబడుతుంది. క్యూలో ఉన్నంతసేపు ఖర్చు లేదు, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. యంత్రం చేతికి తీసుకుందా, మీటరు తిరిగినట్టే. ఎవరి వాటాకు వాళ్ళకు లిమిట్ పెట్టే వీలు కూడా ఉంది గానీ మేడం పెట్టలేదు. "మన పిల్లలకు మనమే తాళాలేసుకుంటమా" అనేది.

ఆ నెల రజని తన వాటా వాడేసింది. వచ్చిన ఫలితం చూస్తే అలుక్కుపోయిన ముగ్గులా ఉంది. రజనిది రామాయంపేట, మెకానిక్ గాలయ్య కూతురు, పట్టుపడితే వదలని మనిషి. వారంలో సదస్సుకు పోస్టరు పంపాలి, చూపించడానికి ఏమీ లేదు. మిగిలిన నాలుగు నిమిషాలు తారిఖ్‌వి. సోమవారం హైదరాబాద్‌లో అతనికి పరిశోధన సీటు ఇంటర్వ్యూ. అసలు యంత్రం మీద నడిపిన ఫలితాలు తెమ్మని వాళ్ళు ముందే చెప్పారు. ఆ సీటు కోసమే అతను ఏడాదిగా రాత్రింబగళ్ళు పని చేస్తున్నాడు. మధ్యలో రజని ప్రోగ్రాములో తప్పులు దిద్దింది కూడా అతనే.

శుక్రవారం మధ్యాహ్నం రజని మేడంకు ఫోన్ చేసింది. మేడం వాళ్ళమ్మను హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోతూ తూప్రాన్ దగ్గర బస్సులో ఉంది.

"మేడం, నాది మొత్తం ఖరాబొచ్చింది. ఏం చెయ్యమంటరు?"

"అమ్మకు జర పరేషానున్నది రజనీ. మల్ల పెట్టు, మల్ల..."

హారన్ మోతలో లైను తెగిపోయింది.

ఈ వైపు ‘మల్ల’ అనే మాట రెండు పనులు చేస్తుంది. మల్ల వస్త అంటే తర్వాత వస్తానని. మల్ల వచ్చిండంటే ఇంకోసారి వచ్చాడని. ఏది ఎప్పుడో ఇక్కడివాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. కానీ అవసరం నెత్తి మీద కూర్చున్నప్పుడు చెవి తనకు కావలసిందే వింటుంది. ఇంకోసారి పెట్టమంది అనుకుంది రజని. ఈసారి ఫలితం శుభ్రంగా రావాలని పదింతలు ఎక్కువసార్లు నడపమని పెట్టింది, తప్పులు సవరించే ఏర్పాటు కూడా ఆన్ చేసింది. అంచనా చూడకుండానే పంపేసింది.

పంపి, గేటు బయట వజ్రమ్మ బండి దగ్గరికొచ్చి మిర్చీలు అడిగింది.

"మల్ల ఏస్త బిడ్డా, నూనె కాగలే" అంది వజ్రమ్మ.

 రజనికి మేడం గొంతు మళ్ళీ చెవిలో వినపడింది. తల్లిని దవాఖానకు తీసుకుపోయే మనిషి, ఇప్పుడు కాదు తర్వాత చూద్దామని అంటుంది గానీ ఇంకేమంటుంది! గబగబా ఫోన్ తెరిచింది. పని ఇంకా క్యూలోనే ఉంది. పక్కనే రద్దు చేసే బటనుంది. ఒక్కసారి నొక్కితే చాలు.

అప్పుడే తారిఖ్ రెండు చాయ్‌లు పట్టుకొచ్చి పక్కన కూర్చున్నాడు.

"నీదెట్లొచ్చింది?"

"ఏమో, చూడాలె."

"నాది పొద్దుగాల పెడ్త. జర కోడ్ చూస్తవా? నా కండ్లకు ఇగ తప్పులు కనవడ్తలేవ్."

అతను కాసేపు ఆమె ముఖంలోకి చూసి, తన ల్యాప్‌టాప్ ఇటు తిప్పాడు. రజని ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. మేడం చెప్పిందే చేశాను కదా, ఎవరడిగినా అదే చెప్తా అనుకుంది. ఎంత తింటుందిలే, మహా అయితే అర నిమిషం అనుకుంది. అతని కోడ్ చదువుతున్నట్టు కళ్ళు ఆడించింది గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఫోన్ తిప్పి చూసేసరికి పని నడవడం మొదలైంది. అప్పుడు ఆమెకు భయం వేయలేదు, హాయిగా అనిపించింది. ఇక చేయగలిగిందేమీ లేదు కదా. ఆ హాయి గుర్తొస్తే తర్వాత ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

అర నిమిషం కాదు, ఉన్నదంతా తినేసింది. పొద్దున తారిఖ్ పంపిన పనిని, ఈ నెల లిమిట్ అయిపోయిందంటూ యంత్రం వెనక్కి కొట్టింది. యంత్రం కంపెనీవాళ్ళకు రాస్తే వచ్చే నెల దాకా ఆగమన్నారు. రజని గ్రాఫు మాత్రం అద్దంలా వచ్చింది. సోమవారం తారిఖ్ ల్యాప్‌టాప్ ఫలితాలే పట్టుకుని ఇంటర్వ్యూకు పోయాడు. వాళ్ళు మర్యాదగా విని, వచ్చే ఏడాది ప్రయత్నించమన్నారు.

మర్నాడు మేడం వచ్చీ రాగానే నెత్తి కొట్టుకుంది.

"తప్పు నాదే. తర్వాత అని సాఫ్ చెప్పకపోతి. మల్ల అంటి, పిల్ల ఇంకోపారి అనుకున్నది. పాపం దానికేం తెల్సు!"

"ఏం జేస్తం మేడం, పోనియ్యుండ్రి" అన్నాడు తారిఖ్.

మేడం కళ్ళజోడు పెట్టుకుని, ఎవరి నిమిషాలకు వాళ్ళకు లిమిట్ పెట్టడానికి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆ పని ఆమెకు సుతరామూ ఇష్టం లేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.  బ్యాగు తగిలించుకుని బయటికొచ్చిన తారిఖ్ వెనకాలే రజని వరండాలోకి వచ్చింది.

"తారిఖ్, మేడం చెప్పింది తర్వాత అనే. క్యూల ఉన్నప్పుడే నాకు సమజైంది. తీసెయ్యలే."

"ఎర్కే."

"ఎట్లెర్క?"

"బండి కాడ నీ ఫోన్ల కనవడ్డది. క్యూల ఉన్నదని చూసిన."

"మరి అడగకపోయినవ్?"

"అడిగితె నిన్ను నమ్మనట్టయితది. నువ్వే తీసేస్తవనుకున్న."

అతని గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండునని రజనికి అనిపించింది. అతను మెట్లు దిగి వెళ్ళిపోయాడు. లోపలి నుంచి మేడం పిలిచింది.

"రజనీ, ఇగ రా. నీకెంత లిమిట్ పెట్టమంటవో నువ్వే చెప్పు."