ఎంతకీ ఉడకని గొర్రె

మా ఊళ్లో పనికి రమ్మంటే పదిమంది వస్తారు. గొర్రెను కోస్తున్నామంటే అరవై మంది వస్తారు. రెంటికీ మేం పెట్టుకున్న పేరు ఒక్కటే, అషర్. అంటే కూలి లేకుండా ఊరంతా కలిసి చేసే పని. ఊరంతా కలిసి తినడం వరకు అందులో అబద్ధమేమీ లేదు.

నా పేరు బురుల్. బాలవాడిలో వంటమనిషిని. మా సరస్సుకు ఎగువన కొండవాలులో ఊరు ఉమ్మడిగా సాగుచేసే పొలం ఒకటుంది. అందులో పండే బంగాళాదుంపలే మా నలభై మంది పిల్లలకు చలికాలమంతా మధ్యాహ్నం తిండి. పోయినేడు ట్రాక్టరు దుంపలన్నిటినీ పైకి తిరగేశాక, ముందు తిని తర్వాత ఏరుదామన్నారు. తిన్నారు. జుమాష్ తాత దీవెన ఇచ్చాడు. అందరూ అరచేతులతో ముఖాలు తడుముకుని, లేచి ఇళ్లకు పోయారు. దీవెన అయ్యాక పనిచేయడం మా వైపు లేదు. మళ్లీ కూర్చుని తినడమూ లేదు. ఆ రాత్రి మంచు పట్టి సగం పంట నల్లబడింది. పిల్లలు మార్చి దాకా ఉత్త సేమియా చారు తాగారు. ఒక పిల్ల రోజూ గిన్నె అడుగుదాకా గరిటె తిప్పి, "దుంప ఏదీ?" అనేది. నేను వంటింట్లోకి పోయేదాన్ని.

అందుకే ఈ అక్టోబరులో ఒక నిర్ణయానికి వచ్చాను. చివరి దుంప బస్తాలో పడేదాకా గొర్రె ఉడకదు. మాంసం వడ్డించకుండా దీవెన ఉండదు. దీవెన లేకుండా లేచి వెళ్లినవాడు ఊళ్లో తలెత్తుకోలేడు. బాగానే బిగించాననుకున్నాను.

సాయంత్రానికి మైనస్ ఏడుకు పడిపోతుందని రేడియో చెప్పింది. ట్రాక్టరు పదింటికల్లా పొలం తిరగేసి వెళ్లిపోయింది. గట్టు మీద దస్తర్‌ఖాన్, అంటే భోజనాల గుడ్డ, పరిచి టీ, వేయించిన రొట్టెముక్కలు పెట్టాం. అందరికంటే ముందొచ్చి అక్కడ కూర్చున్నవాడు జుమాష్ తాత. ఎనభై మూడేళ్లు, ఊరంతటికీ పెద్ద. దిండుకు ఆనుకునే వ్యవసాయం నేర్పాడు.

"మెల్లిగా పట్టుకోవాల్రా! దుంపకీ నొప్పుంటది!"

పంచాయతీ నుంచి బొలొత్‌బెక్ వచ్చాడు. కొత్త చేతితొడుగులు వేసుకుని పారతో ఒక ఫోటో, బస్తాతో ఒక ఫోటో, పక్కవాడి బస్తాతో ఇంకో ఫోటో దిగాడు.

"తొడుగులకి మట్టి అంటితే కొట్టువాడు తిరిగి తీసుకోడా ఏంటి?" అంది పక్కింటి గులిపా. దాని నోటికి ఊరంతా భయపడుతుంది, నేను తప్ప.

గట్టు పక్కనే పొయ్యి మీద పెట్టిన మాంసం పన్నెండింటికే ఎముకలు వదిలేసింది. నేను గుండిగ మీద మూత పెట్టి, మూత మీద రాయి పెట్టి, పక్కనే కూర్చున్నాను.

"అక్కా, ఉడికిందా?" అన్నాడు బొలొత్‌బెక్.

"ఎక్కడ తమ్ముడూ, ముసలి గొర్రె."

అరగంటకు మళ్లీ వచ్చాడు. "ఇప్పుడో?"

"నువ్వు నాలుగు సాళ్లు ఏరుకొచ్చేలోపు అయిపోద్ది."

"వాసన చూస్తే ఉడికినట్టే ఉందే!"

"వాసన ముందు ఉడుకుద్ది. మాంసం తర్వాత."

ఆకలి ఎంత మంచి మేస్త్రీయో ఆ రోజు చూశాను. రెండింటికి ఆడవాళ్లతో పాటు మగవాళ్లూ వంగారు. మూడింటికి బొలొత్‌బెక్ కూడా వంగాడు, ఫోటో తీసేవాళ్లు లేకపోయినా. నాలుగయ్యేసరికి ఇంకా మూడు సాళ్లే మిగిలాయి. అందరూ ఒక గుక్క టీ తాగి మళ్లీ దిగుదామని గట్టెక్కి దస్తర్‌ఖాన్ చుట్టూ చేరారు.

సరిగ్గా అప్పుడే బొలొత్‌బెక్ ఫోను మోగింది. కునుకు తీస్తున్న తాత ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా ఎంగిలి కప్పులు, చుట్టూ జనం. తినడం అయిపోయిందనుకుని రెండు చేతులూ పైకెత్తాడు.

"తాతా, ఆగు!" అంది గులిపా.

ఆగలేదు. పెద్దాయన చేతులు లేచాక మన చేతులు కింద ఉంచే ధైర్యం ఎవరికుంది? అరవై జతల చేతులు లేచాయి. నావీ లేచాయి, ఒక చేతిలో గరిటెతో సహా. పంటకు, పశువులకు, ఊరికి, ఆఖరికి పంచాయతీకి కూడా దీవెన దక్కింది.

"ఆమీన్!"

ముఖాలు తడుముకున్నాం. లేచి నిలబడ్డాం. ఎవరూ కదల్లేదు.

"మరి మాంసం?" అన్నాడు బొలొత్‌బెక్.

"ఇంకేం మాంసం? దీవెన అయిపోయిందిగా. పదండి ఇళ్లకి!" అన్నాను. కోపంతోనే అన్నాను. మూడు సాళ్లంటే ఏడెనిమిది బస్తాలు. మళ్లీ ఆ పిల్ల ముందు గిన్నె పెట్టి ముఖం తిప్పుకోవాలి.

తాత అయోమయంగా చూశాడు. "నేను తిన్నానా?"

"లేదు తాతా."

"మరి చెప్పరేంట్రా?"

"ఆగమన్నాను, నువ్వు వింటేగా?" అంది గులిపా.

ఆయన గుండిగ వైపు చూశాడు, పొలం వైపు చూశాడు. దీవెన వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు, ఆయన తరం అసలే కాదు.

"ఆ అషర్ అయిపోయింది," అన్నాడు చివరికి. "ఇంకోటి మొదలెడితే దానికి వేరే భోజనం ఉంటదిగా?"

"పని ఉంటే భోజనమూ ఉంటది," అన్నాను.

తాత కర్ర పట్టుకుని గట్టు దిగాడు. మొదటి సాలు దగ్గర మోకాళ్ల మీద కూలబడి, ఒక దుంప తీసి టోపీలో వేసుకున్నాడు. ఎనభై మూడేళ్ల మనిషి నేల మీద పాకుతుంటే మా ఊళ్లో ఎవడు నిలబడగలడు? అరవై మందీ పరుగెత్తారు. బొలొత్‌బెక్ తొడుగులు విసిరేసి గోళ్లతో తవ్వాడు. పావుగంటలో మూడు సాళ్లూ ఖాళీ. నేను రాయి దించి మూత తీశాను.

మర్నాడు పొద్దున పొలానికి వెళ్లి చూశాను. మంచు తెల్లగా పరుచుకుని ఉంది, దాని కింద ఒక్క దుంప లేదు. అక్కడే నిలబడి కాసేపు ఏడ్చాను, సంతోషంతోనే.

తిరిగొస్తుంటే కొట్టు ముందు తాత పదిమందిని కూర్చోబెట్టుకుని చెప్తున్నాడు.

"నేను ముందే చేతులెత్తబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ మూడు సాళ్లూ మంచుకి పోయేవి!"

గులిపా నా వైపు చూసింది, ముసలాయన్ని కడిగెయ్యి అన్నట్టు. ఏమని కడగను? ఆయన చెప్పేది ఒకరకంగా నిజమే: చేతులెత్తబట్టే గట్టు దిగాడు, ఆయన దిగబట్టే అరవై మందీ పరుగెత్తారు.